బేల్దారి కూలా, ఈఎస్‌ఐ కోసే జీతమా? మా మేనల్లుడికి ఏది మేలు?

పోయిన వారం మా అక్క కొడుకు రేణిగుంట నుంచి ఫోన్ చేసినాడు. "మామా, ఫ్యాక్టరీలో పని ఉండాదంట. జీతం 15,000. పీఎఫ్ 1,800, ఈఎస్‌ఐ 113 పట్టుకుంటే చేతికొచ్చేది 13,087. మేస్త్రి కాడ రోజుకి 900 ఇస్తా ఉండారు. నెలలో ఇరవై రోజులు పోయినా 18,000. ఆస్పత్రికంటావా, రేషన్ కార్డు ఉండనే ఉండాది. ఇంక ఆ కోతలెందుకు నాకు?"

ఈఎస్‌ఐ అంటే జీతగాళ్లకు ప్రభుత్వం నడిపే బీమా. వాడి లెక్కలో తప్పేం లేదు. ఒక గడి మాత్రం ఖాళీగా వదిలేసినాడు. మంచాన పడిన రోజుల గడి.

రేషన్ కార్డు అని వాడనేది ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం గురించి. పెద్దోళ్ల నోట ఇప్పటికీ ఆరోగ్యశ్రీనే. 2007లో మొదలైంది, పేరు మారతా వచ్చింది, పని మాత్రం అదే. పైసా కట్టక్కర్లేదు, ఉద్యోగం ఉండాలనే షరతు లేదు, ఇంటిల్లిపాదికీ వర్తిస్తుంది. ఏడాదికి 25 లక్షల దాకా అని 2023 డిసెంబర్‌లో హద్దు పెంచారు. తిరుపతిలో ఉండేవాడికి రుయా, స్విమ్స్, బర్డ్ ఆస్పత్రులు మూడూ దగ్గరే. పిల్లల గుండె జబ్బులకు పద్మావతి హృదయాలయం 2021లో వచ్చింది. చిత్తూరులో ఉండే మా వాళ్లకు జబ్బంటే ఇప్పటికీ తమిళనాడులోని రాయవేలూరు ఆస్పత్రే గుర్తొస్తుంది, బస్సెక్కేస్తారు. అప్పు చేసి వేలూరు పోయేముందు రుయాలో ఈ పథకం సంగతులు చూసే వైద్యమిత్ర కౌంటర్ దగ్గర ఒక మాట అడిగితే ఏం పోతుందని నా గోల.

గుండె ఆపరేషనో, కిడ్నీ జబ్బో, క్యాన్సరో వస్తే కూలోడి కుటుంబానికి దీన్ని మించిన అండ లేదు. దీని గురించి వాడితో వాదించను.

అయితే అది డబ్బు కట్టేది ఆస్పత్రికి. ఇంటికి కాదు. కాలు విరిగితే ప్లేటు వేస్తారు, స్క్రూలు బిగిస్తారు, పంపించేస్తారు. ఆ తర్వాత రెండు నెలలు కాలు కింద పెట్టకూడదంటారు. ఆ రెండు నెలలు బాడుగ ఎవరు కట్టాలి? పాలోడికి ఎవరివ్వాలి? మా వీధిలో వడ్డీకి తెచ్చుకున్న కూలోళ్లను చూశాను. ఆపరేషన్ ఊరికే అయిపోయింది, అప్పు మాత్రం మిగిలింది. ఇంకోటి, రోజూ మింగే షుగరు, బీపీ మాత్రలకు వైద్య సేవ పనికిరాదు. ఆస్పత్రిలో చేరితేనే దాని పని.

ఈఎస్‌ఐ ఆ ఖాళీ గడి నింపుతుంది. చట్టం 1948 నాటిది. పదిమంది, ఆపైన పనిచేసే చోట, నెలకు 21,000 లోపు జీతగాళ్లకు వర్తిస్తుంది. కార్మికుడి వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే వీడు 113 కడితే యజమాని 488 దాకా కట్టాలి. డిస్పెన్సరీలు, తిరుపతిలోని ఈఎస్‌ఐ ఆస్పత్రి వీటన్నిటికీ డబ్బు మూలం ఇదే. మామూలు జ్వరానికీ మందులిస్తారు. భార్యాపిల్లలకు, వీడి మీద ఆధారపడిన అమ్మానాన్నలకు కూడా వైద్యం ఉంటుంది.

డబ్బు సంగతికొస్తే, జబ్బు చేసి సెలవు పెడితే జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా ఇస్తారు. పనిలో దెబ్బ తగిలితే 90 శాతం. మా వాడి జీతానికి రోజుకు సుమారు 450. రెండు నెలలు ఇంట్లో ఉంటే 27,000. పనికి పోయే దారిలో ప్రమాదం జరిగినా అది పనిలో జరిగినట్టే చూస్తారు. ఆడకూతుళ్లు ఉద్యోగం చేస్తుంటే కాన్పుకు 26 వారాల పూర్తి జీతం. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో పనిచేసే అమ్మాయిలకు ఇది చిన్న సంగతి కాదు. పనిలోనే ప్రాణం పోతే, జీతంలో 90 శాతం నెలనెలా భార్యాపిల్లలకు పంచి ఇస్తారు. అదే కూలోడు పోతే ఇంటామెకు రాష్ట్రం ఇచ్చే వితంతు పింఛను నెలకు 4,000. ఆ తేడా అక్కతో చెప్తే చాలాసేపు ఏం మాట్లాడలేదు.

ఇంత మంచిదైతే కార్మికులే "ఈఎస్‌ఐ వద్దు సార్" అని ఎందుకంటారు? పేరు రికార్డుకెక్కితే రేషన్ కార్డు పోతుందని భయం. బియ్యం కార్డు నియమాల్లో ఊళ్లో నెలకు 10,000, పట్నంలో 12,000 అని ఆదాయ హద్దు పెట్టారు కాబట్టి ఉత్త పుకారని కొట్టేయలేను. కానీ 2019 తర్వాత ఆరోగ్యశ్రీని ఏడాదికి 5 లక్షల ఆదాయం దాకా విస్తరించారు. బియ్యం పోవడం, వైద్యం పోవడం ఒకటి కాదు.

ఈఎస్‌ఐకీ లోపాలున్నాయి. సిక్ లీవు డబ్బు రావాలంటే ఆరు నెలల గడువులో 78 రోజులకు చందా కట్టి ఉండాలి, కొత్తగా చేరినవాడికి ఆ హక్కు రావడానికి తొమ్మిది నెలలు పడుతుంది. మాత్రల కోసం నేను పోయిన ఒకచోట "స్టాకు లేదు, బయట కొనుక్కో" అన్నారు. అంతకన్నా పెద్ద మోసం ఇంకోటుంది. ఒక కాంట్రాక్టరు దగ్గర నాకే జరిగింది. జీతంలో కోసేవాడు, కట్టేవాడు కాదు. జ్వరమొచ్చి డిస్పెన్సరీకి పోతే నా పేరే లేదు.

అందుకే మా వాడితో చెప్పినా: "ఒంటికి రెండూ కావాలబ్బయ్యా. కానీ ఇల్లు నీ చేతుల మీదే నడస్తా ఉండాది కాబట్టి ఫ్యాక్టరీకే పో. చేరిన నెలలోనే పది అంకెల ఈఎస్‌ఐ నంబరు అడుగు. ఇయ్యకపోతే ఆ 113 ఎక్కడికి పోతా ఉండాదో నిలదీయ్."

వాడు చేరినాడు. అంతటితో ఊరుకోలేదు. ఆదివారాలు మేస్త్రి కాడికి వస్తానని చెప్పి పెట్టినాడంట. ఆ ఆదివారం సారువ మీంచి జారితే అది ఫ్యాక్టరీ పనిలో తగిలిన దెబ్బ కాదు, 90 శాతం రాదు. ఆ మాట చెప్పడానికి ఇంకోసారి ఫోన్ చేయాలి.