కొత్త అధ్యాపకులకు పరిశోధనలో మార్గదర్శనం: ఒక విశ్వవిద్యాలయ కార్యక్రమంపై సమీక్ష

విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరేవారికి పిహెచ్‌డి పట్టా ఉంటుంది, పాఠం చెప్పాలన్న ఉత్సాహమూ ఉంటుంది. గైడు నీడ నుంచి బయటికి వచ్చి సొంతంగా పరిశోధన మొదలుపెట్టే దారి మాత్రం చూపేవారు అరుదు. ఆ లోటు తీర్చడానికి మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఒకటి నడుపుతున్న మార్గదర్శన కార్యక్రమంలో పాల్గొన్న అనుభవంతో, చేరాలా వద్దా అని ఆలోచిస్తున్న తోటి అధ్యాపకుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

చేరిన ప్రతి ఒక్కరికీ ఒక సీనియర్ ఆచార్యులను మెంటార్‌గా కేటాయిస్తారు. పదిహేను రోజులకొకసారి సెమినార్ జరుపుతారు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) వారి నెల రోజుల ఇండక్షన్ కార్యక్రమం ‘గురుదక్షత’ బోధన, మూల్యాంకనం వంటి విషయాలను పరిచయం చేస్తుంది కానీ, అది ముగిశాక ఎవరి దారి వారిదే. ఇక్కడ ఏడాది పొడవునా ఒకే మనిషి మన పనిని వెంటబడి చూస్తారు.

అన్నిటికన్నా మేలైనది చిత్తుప్రతుల సెమినార్. వ్యాసాన్ని వారం ముందే అందరికీ పంపాలి. తొలి అరగంట రచయిత నోరు విప్పకూడదు. మొదటి వ్యాఖ్య వేరే శాఖవారే చేయాలి. కౌలు రైతుల అప్పులపై ఒక అర్థశాస్త్ర అధ్యాపకురాలు రాసిన వ్యాసాన్ని చదివిన గణాంకశాస్త్ర ఆచార్యులు, రైతులను ఏ ప్రాతిపదికన ఎంచుకున్నారని అడిగిన ఒక్క ప్రశ్నతో ఆ వ్యాసంలో సగభాగం మళ్లీ రాయవలసి వచ్చింది. పత్రికకు పంపి, ఆరు నెలలు ఎదురుచూసి తిరస్కరణలో తెలుసుకోవలసిన సంగతి ఆ గదిలో ఒక్క పూటలో తెలిసింది. నమ్మదగిన పరిశోధన పత్రికల పేర్లతో ఉన్న కేర్ జాబితాను యూజీసీ 2025 ఫిబ్రవరిలో ఎత్తివేసిన తర్వాత పత్రిక మంచిదో కాదో తేల్చుకునే బాధ్యత మన మీదే పడింది కనుక, సంపాదకవర్గాన్నీ పీర్ రివ్యూ (అదే రంగపు నిపుణులు వ్యాసాన్ని పరిశీలించే పద్ధతి) తీరునూ ఎలా పరిశీలించాలో నేర్పిన సెమినార్ కూడా ఎంతో ఉపయోగపడింది.

ప్రాజెక్టు ప్రతిపాదనల విషయంలో మెంటార్లు చూపిన ఔదార్యాన్ని ప్రత్యేకంగా చెప్పాలి. తమకు మంజూరైన ప్రతిపాదనలతో పాటు తిరస్కరణకు గురైనవాటిని కూడా, నిపుణుల వ్యాఖ్యలతో సహా మా ముందు పెట్టారు. కొత్తగా చేరినవారికి యూజీసీ డి.ఎస్. కొఠారీ గ్రాంటు కింద 10 లక్షల రూపాయల వరకూ, పరిశోధనకు నిధులిచ్చే జాతీయ సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ ఇచ్చే ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటు కింద మూడేళ్లకు 60 లక్షల వరకూ అవకాశం ఉందని ప్రకటనల్లో చదువుతాం. అయితే పరికరాలకు ఎంత చూపాలి, ఖర్చులకు యుటిలైజేషన్ సర్టిఫికెట్ (నిధుల వినియోగ ధ్రువపత్రం) ఎలా సమర్పించాలి అన్నవి చేసినవారి పక్కన కూర్చుంటేనే తెలుస్తాయి.

లోపాలూ ఉన్నాయి. ప్రారంభ, ముగింపు సభల ప్రసంగాలకు పోయిన సమయంలో మరికొన్ని చిత్తుప్రతులు చదవవచ్చు. ఉదాహరణలన్నీ విజ్ఞానశాస్త్రాలవే కావడంతో తెలుగు, చరిత్ర శాఖల వారు తమకు పనికొచ్చేది తామే వెతుక్కోవలసి వచ్చింది. తాళపత్రాలపైనో శాసనాలపైనో పనిచేసేవారికి ప్రయోగశాల బడ్జెట్ నమూనా ఏం ఉపకరిస్తుంది? కొందరికి సొంత శాఖాధిపతినే మెంటార్‌గా ఇచ్చారు. ప్రమోషన్ కాగితాలపై సంతకం చేయవలసిన వ్యక్తి ముందు తన పని ఎక్కడ ఆగిపోయిందో ఎవరూ మనసు విప్పి చెప్పలేరు. ఈ పద్ధతిని వెంటనే మార్చాలి. అంతకన్నా పెద్ద సమస్య టైమ్‌టేబుల్. 2018 యూజీసీ నిబంధనల ప్రకారమే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల బోధన ఉంటుంది, ప్రొఫెసర్‌కు 14 గంటలు. పరిశోధనకు పునాది వేసుకోవలసిన వారిపైనే ఎక్కువ భారం ఉన్నప్పుడు, ఆ తొలి ఏడాదిలో బోధించే పేపర్లలో కనీసం ఒకటి తగ్గించకుండా మార్గదర్శనం ఇస్తామనడం సరికాదు.

అయినా ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్లు కానివారు తప్పక దరఖాస్తు చేయాలని నా సలహా. 2022 పిహెచ్‌డి నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ పిహెచ్‌డి విద్యార్థులకు పర్యవేక్షకులు కావాలంటే పీర్ రివ్యూ పత్రికల్లో కనీసం మూడు వ్యాసాలు ఉండాలి కనుక, వాటిలో ఒకదాని చిత్తుప్రతితోనే చేరండి. మెంటార్ పేరును మనమే సూచించే వీలుంది. వేరే శాఖవారినే కోరండి.