లంకావి నీళ్ల మీద తమ్ముడి ఇల్లు

మా తమ్ముడి కుటుంబం నలభై అడుగుల తెరచాప పడవలో కాపురం ఉంటోంది. బ్రిస్బేన్‌లో ఉద్యోగాలు మానేసి, ఇండోనేసియా దీవుల మీదుగా వచ్చి, ప్రస్తుతం మలేసియా వాయవ్య కొసన ఉన్న లంకావి దీవి చుట్టూ తిరుగుతున్నారు. విజయవాడలో ఈ సంగతి ఎవరికి చెప్పినా మొదటి ప్రశ్న ఒకటే: "మరి అమ్మాయి చదువు?" దూరవిద్య బడిలో చదువుతోంది, లెక్కలు బాగానే చేస్తోంది అని చెప్పి చెప్పి విసుగు పుట్టింది. డిసెంబరు సెలవుల్లో అమ్మనూ మా ఆయననూ వెంటబెట్టుకుని బయలుదేరాను.

రైలులో చెన్నై, అక్కడి నుంచి కౌలాలంపూర్, మరో చిన్న విమానంలో లంకావి. 2023 డిసెంబరు నుంచి మనవాళ్లకు మలేసియాలో 30 రోజుల దాకా వీసా అక్కర్లేదు. దిగడానికి ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో ఒక పత్రం నింపితే చాలు. తమ్ముడివాళ్లవి ఆస్ట్రేలియా పాస్‌పోర్టులు కాబట్టి వాళ్లకు 90 రోజులు. గడువు దగ్గర పడేసరికి పడవను థాయిలాండ్ వైపు తిప్పి, కొన్నాళ్లు అక్కడ ఉండి వస్తారు. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఓడరేవు, ఇమ్మిగ్రేషన్, కస్టమ్స్ కార్యాలయాల్లో కాగితాలు చూపాలి. సముద్రం మీద అడిగేవాడే ఉండడనుకునేవాళ్లు మా మరదలు దాచే ఫైళ్లు ఒకసారి చూడాలి.

నవంబరు నుంచి మార్చి దాకా ఈశాన్య గాలి వీస్తుంది. మలయా ద్వీపకల్పం అడ్డుగా ఉండటంతో ఈ పడమటి తీరంలో సముద్రం శాంతంగా, ఆకాశం నిర్మలంగా ఉంటుంది. మే నెలలో గాలి మారి నైరుతి నుంచి వీయడం మొదలవుతుంది. అప్పుడు సుమత్రా వైపు నుంచి తెల్లవారుజామున ఉన్నట్టుండి ఈదురుగాలి విరుచుకుపడుతుందట. వేసవి సెలవుల్లో వెళ్దామనుకునేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మొదట పడవ తెలగా రేవులోని మెరీనాలో, అంటే సొంత పడవలు కట్టుకోవడానికి చోటు అద్దెకిచ్చే రేవులో, కట్టి ఉంది. తేలే చెక్కబాట మీద నడిచి నేరుగా పడవలోకి అడుగు పెట్టవచ్చు. కరెంటు, నీళ్ల గొట్టం, ఒడ్డున స్నానాల గదులు ఉంటాయి. అద్దె పడవ పొడవును బట్టి వసూలు చేస్తారు. తమ్ముడి దృష్టిలో ఇది శుద్ధ దండగ, ఎందుకంటే కాస్త అవతల లంగరు వేసుకుంటే పైసా ఖర్చు లేదు. నిజమే కానీ లంగరు వేశాక ఒడ్డుకు రాకపోకలన్నీ రబ్బరు పడవలోనే. అది అలకు లేచి పడుతుంటే, సరైన క్షణం చూసి పెద్ద పడవ అమరం (వెనక కొస) మెట్ల మీదకు కాలు వేయాలి. అమ్మ మోకాళ్లకు అది కుదరని పని. లంకావిలోని ముఖ్యపట్నం కువాలో ఆవిడకు హోటలు గది తీసుకున్నాం. దాని పేరు చెప్పను. గది విశాలంగానే ఉంది గానీ ఏసీ చెడిపోతే బాగుచేయడానికి మనిషి మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు పడవ మెరీనాలో ఉన్నప్పుడే వెళ్లండి, హోటలు ఖర్చు తప్పుతుంది.

లంగరు వేయడం చూశాక నాకు ఈ జీవితం మీద గౌరవం పెరిగింది. నీటి లోతు ఎనిమిది మీటర్లయితే, పోటుకు మరో మూడు కలుపుకుని, దానికి ఐదింతలు, అంటే యాభై అయిదు మీటర్ల గొలుసు వదిలారు. గొలుసు పొడవుగా నేలకు పరుచుకుంటే లాగుడు అడ్డంగా పడి లంగరు బురదలోకి ఇంకా దిగుతుంది. పొట్టిగా ఉంటే పైకి లేచి ఊడిపోతుంది. తర్వాత ఇంజన్ వెనక్కి నడిపి పట్టు చూస్తారు. ఇంత చేసినా మరదలు రాత్రి ఫోనులో అలారం పెట్టుకునే పడుకుంటుంది, పడవ చోటు మారితే మోగేలా. 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లకు తగులుకోవడం చూసిన ఊరివాళ్లం కాబట్టి అది అతిజాగ్రత్త అనిపించలేదు. చిరాకు పెట్టింది మరొకటి. పోటూ పాటూ మారినప్పుడల్లా పడవ అణియం (ముందు కొస) దిశ మార్చేస్తుంది. రాత్రి కొండ కనిపించిన కిటికీలో తెల్లారేసరికి సముద్రం. మెరీనా వదిలాక పడవలో ఉన్న ఒకే ఒక్క రాత్రి, దీపం ఏ వైపు పెట్టాలో తేలక అమ్మ తమ్ముణ్ణి పదేపదే "తూర్పు ఇప్పుడెటురా?" అని అడిగింది.

నీళ్ల విషయంలో మాత్రం ఇల్లాలిగా ఓడిపోయాను. తొట్టిలో నాలుగు వందల లీటర్లు పడతాయి. సముద్రపు నీటిని మామూలు గాలి ఒత్తిడికి దాదాపు యాభై అయిదు రెట్ల ఒత్తిడితో పల్చని పొర గుండా తోసి మంచినీరు తీసే యంత్రం ఉంది. కానీ కువా ముందూ మడ అడవుల దగ్గరా నీరు మడ్డిగా ఉంటుంది, వడపోతలు పూడుకుపోతాయని అక్కడ దాన్ని ముట్టుకోరు. గిన్నెలు ఉప్పునీటితో తోమి, చివర్లో గ్లాసెడు మంచినీళ్లతో కడగాలి. "వదినా, కుళాయి కట్టేయండి" అని మరదలు మర్యాదగా ఎన్నిసార్లు అందో.

చూడదగ్గవాటిలో నా ఓటు కిలిమ్‌కే. నిటారు సున్నపురాతి కొండలు, వాటి పాదాల దగ్గర మడ చెట్లు, మధ్యలో ఏటి పాయలు. 2007లో యునెస్కో గుర్తించిన లంకావి జియోపార్కులో (భూమి చరిత్ర చెప్పే రాళ్లూ కొండలూ ఉన్న రక్షిత ప్రాంతం) ఇదొక భాగం. అయితే అద్దె స్పీడుబోట్లలో కొన్ని కోడితోలు విసిరి గరుడ పక్షులను రప్పిస్తాయి, అలలు లేపి మడ గట్లను కోసేస్తాయి. బోటు మాట్లాడుకునేటప్పుడే పక్షులకు మేత వద్దని, నెమ్మదిగా నడపమని చెప్పండి. దయాంగ్ బుంతింగ్ దీవిలో సముద్రానికి ఆనుకునే మంచినీటి సరస్సు ఉంది. అందులో నీళ్లు తాగితే పిల్లలు పుడతారని అక్కడివాళ్ల నమ్మకం. అమ్మ నావైపు చూసింది, నేను కోతుల వైపు చూశాను. చేతిలో సంచి ఉంటే అవి వదలవు. కేబుల్ కారు, కొండ మీది 125 మీటర్ల వంపు వంతెన బాగున్నాయి, క్యూలే బాగాలేవు. ఫొటోల్లోలాంటి నీలి నీళ్లు లంకావి చుట్టూ ఉంటాయని మాత్రం ఆశపెట్టుకోవద్దు. ఒండ్రు వల్ల నీరు ఆకుపచ్చగా మసకగా ఉంటుంది. పగడాలు చూడాలంటే దక్షిణాన ఉన్న పాయర్ దీవికి వెళ్లాలి.

తిండికి లోటు లేదు. కువాలో కందిపప్పు, కరివేపాకు దొరుకుతాయి. గ్యాసు ఆదా చేయడానికి అన్నీ కుక్కర్‌లోనే. వంజరం పులుసులోకి మేము గుంటూరు కారం తీసుకెళ్లాం. అది అయిపోతుందేమోనన్న బెంగ తప్ప మేనకోడలికి వేరే దిగులు కనబడలేదు. "అత్తా, ఈసారి రెండు కిలోలు తేవా?" అంది.

ఎవరైనా ఇలాంటి పడవలో కొన్నాళ్లు ఉండాలనుకుంటే, ముందు లంకావిలో ఒక పూట తెరచాప పడవ అద్దెకు తీసుకుని కడుపులో తిప్పుతుందో లేదో చూసుకోండి. మా ఆయనకు తిప్పింది. అమ్మ మాత్రం మళ్లీ వస్తానంది, పడవ మెరీనాలో కట్టి ఉంచితేనే. తమ్ముడు అద్దె లెక్కలు వేసుకుంటున్నాడు.