ఉషేగావ్ ఇత్తడి గంటలు: ఎడ్ల మెడలో కట్టి చూశాక

ఎడ్ల పండుగ పొలాల అమావాస్య వస్తోందంటే మా ఆసిఫాబాద్ వైపు రైతుకు ఎడ్ల గంటల మీదే ధ్యాస. సంతలో దొరికే రేకు గంటలు ఒక వానాకాలం గడిచేసరికి బొంగురుపోతాయి. అందుకని నిరుడు జైనూరు మండలం ఉషేగావ్ వెళ్లి, ఇత్తడి పోత పనిచేసే ఒక ఓజా కుటుంబంతో గంటల జోడీ పోయించుకున్నాను. పండుగ అయ్యాక కూడా విప్పలేదు. దుక్కికైనా బండికైనా ఎడ్ల మెడలో అవే ఉన్నాయి.

ముందు మోత సంగతి. రేకు గంట గలగలమని అక్కడికక్కడే ఆగిపోతుంది. ఇది మోగాక నాదం కాసేపు సాగుతుంది. ఎడ్లు వాగు అవతల మేస్తున్నా ఇంటి వాకిట్లోకి వినిపిస్తుంది. జోడీలో ఒక గంట లోగొంతుతో, రెండోది కాస్త పైస్థాయిలో పలుకుతాయి. "రెండూ ఒకేలా పలకాలి కదా దాదా?" అని అడిగాను. "ఒకేలా పలికితే ఏ ఎద్దు ఎటు పోయిందో ఎలా తెలుస్తుంది పటేల్?" అన్నాడు ఆ ఇంటి పెద్దాయన. నిజమే, ఇప్పుడు చీకట్లో కూడా నాకు పోల్చుకోవడం సులువు.

పని జరుగుతున్నంతసేపూ పక్కనే కూర్చున్నాను. మట్టితో లోపలి ముద్ద చేసి ఆరబెట్టారు. తేనెమైనం, గుగ్గిలం, నూనె కలిపి కాచి, సేమియా అంత సన్నని తీగలు తీసి దానిమీద వరుసగా చుట్టారు. గంటమీద మనకు కనిపించే గీతలు ఆ తీగలవే, ఉలితో చెక్కినవి కావు. పైన మళ్లీ మట్టి పట్టించి కాలిస్తే మైనం కరిగి పోతుంది, ఆ ఖాళీలోకి ఇత్తడి పోస్తారు. 900 డిగ్రీలు దాటితే తప్ప ఇత్తడి కరగదు. ఆ ఇంటి కోడలు మూసలోని రంగు చూసి "ఇక పోయవచ్చు" అంది, అంతే. చల్లారాక అచ్చు పగలగొట్టారు. ఒక అచ్చుకు ఒకే గంట! ధర ఎక్కువని బేరమాడేవాళ్లు ఆ మట్టి పెంకుల కుప్పను ఒకసారి చూడాలి. జోడీకి 1,800 రూపాయలు అడిగారు, అంతా ఇచ్చాను.

లోపం ఒకటి ఉంది. పట్టీ దూర్చే చెవి లోపలి అంచు గరుకుగా ఉండి నా తోలు పట్టీని కోసేసింది. కొనేటప్పుడే అక్కడ వేలు పెట్టి చూడండి. ఆకురాయి పట్టమంటే అప్పటికప్పుడే నున్నగా చేసి ఇస్తారు. వానకు తడిస్తే రంగు మారుతుంది కాని చింతపండుతో తోమితే మెరుపు వచ్చేస్తుంది.

2018లో ఆదిలాబాద్ డోక్రాకు, అంటే ఈ మైనపు పోత ఇత్తడి పనికి, భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇప్పుడు ఆ పేరు చెప్పి నకిలీలు కూడా అమ్ముతున్నారు. నగరంలో ఒక దుకాణంలో చూసిన ఏనుగు బొమ్మకు వీపు మీదుగా అతుకు గీత ఉంది, పక్కన అచ్చం అలాంటివే వరుసగా ఉన్నాయి. మైనపు పోతలో రెండు సగాల అతుకు ఉండదు, ఏ రెండు బొమ్మలూ ఒకేలా రావు. ఆ రెండూ చూసుకుంటే మోసపోరు.

ఓజాలు కూడా ఇప్పుడు షోకేసుల కోసం జింకలు, ఏనుగులు పోస్తున్నారు. అందంగానే ఉన్నాయి, కొనండి. అయితే తరతరాలుగా గోండుల దేవతామూర్తులు, గంటలు, నగలు పోసిన చేతులవి. వాడుక వస్తువు చేసేటప్పుడు ఆ చేతుల్లో కనిపించే నమ్మకం బొమ్మల దగ్గర నాకు అంతగా కనిపించలేదు. నగరవాసులు బొమ్మలు కొంటారు, సరే. గంటలు కొనవలసింది ఎడ్లున్న మనమే. మనమే రేకు గంటలకు మళ్లితే ఓజాలు ఇవి ఎవరి కోసం పోయాలి?

ఒక మాట గుర్తుంచుకోండి. వానల్లో అచ్చు ఆరదు, కొలిమి సాగదు. పొలాల అమావాస్యకు గంటలు కావాలంటే ఎండాకాలంలోనే వెళ్లి చెప్పిపెట్టాలి. వెళ్లేటప్పుడు ఎద్దు మెడ కొలత తీసుకుపోతే గంట పరిమాణం వాళ్లే చెబుతారు.