కాసిల్‌వేనియా నాక్టర్న్: డ్రాకులా లేని కథలో రెండు సీజన్లు

కాసిల్‌వేనియా అనే బొమ్మల సిరీస్‌కి కొనసాగింపుగా తీసిన నాక్టర్న్ మొదటి సీజన్ 2023 సెప్టెంబర్‌లో, రెండోది 2025 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చాయి. సీజన్‌కి ఎనిమిది చొప్పున పదహారు ఎపిసోడ్లు. రిలీజైన వారంలో చూసి పక్కన పెట్టేయకుండా, పాత కాసిల్‌వేనియాతో కలిపి అప్పటినుంచీ మళ్లీ మళ్లీ తిప్పి చూస్తూనే ఉన్నాను. ఇన్నాళ్లకి తేలిందేమిటంటే, ఫైట్లలో ఇది పాతదాన్ని దాటేసింది. కథ జరిగే కాలం, ప్రదేశం కూడా పాతదానికంటే ఎక్కువ ఆసక్తిగా ఉన్నాయి. విలన్ దగ్గరే చతికిలబడింది.

పాతది చూడనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. కొనామీ వాళ్ల 1989 నాటి వీడియో గేమ్ ఆధారంగా 2017లో నాలుగే నాలుగు ఎపిసోడ్లతో మొదలై, 2021 నాటికి 32 ఎపిసోడ్లతో ముగిసింది. పదిహేనో శతాబ్దపు వలాకియా, అంటే ఇప్పటి రొమేనియాలోని ప్రాంతం. మనిషిని పెళ్లి చేసుకుని కాస్త మెత్తబడిన డ్రాకులా. మందులు ఇచ్చి జనాన్ని బాగుచేసిన ఆ భార్యని మంత్రగత్తె అని చర్చి వాళ్లు నిలువునా కాల్చేస్తారు. అక్కణ్ణుంచి అతను మనుషులన్నవాళ్లని మిగల్చకూడదని బయలుదేరతాడు. రెండో సీజన్‌లో అతను చేసేది చాలావరకు మంట ముందు కుర్చీలో కూర్చోవడమే. రక్తం కూడా తాగడం మానేస్తాడు. సైన్యం ఉంది, సేనాపతులున్నారు, వాళ్లలో వాళ్లకి కుట్రలున్నాయి, రాజుకి మాత్రం ఏదీ పట్టదు. చివర్లో కొడుకు ఆల్యుకార్డ్‌తో కోటంతా బద్దలుకొట్టుకుంటూ కొట్లాడి, ఇద్దరూ ఆ కొడుకు చిన్నప్పటి గదిలోకి వచ్చి పడతారు. అక్కడ డ్రాకులా చెయ్యి ఆగిపోతుంది. నాకిప్పటికీ ఆ సీన్ దగ్గర గొంతు పట్టేస్తుంది. అంత బరువున్న విలన్ తర్వాత ఎవరు వచ్చినా ఇబ్బందే.

నాక్టర్న్ మూడు వందల ఏళ్లు ముందుకి దూకి 1792 ఫ్రాన్స్‌లో దిగుతుంది. రాజుని దించేశారు, స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం అని మనం స్కూల్లో బట్టీ పట్టిన నినాదాలు వీధుల్లో వినిపిస్తున్నాయి. ప్రభువుల్లో బోలెడుమంది వాంపైర్లు, చర్చి పెద్ద వాళ్లతో చేతులు కలిపాడు. జనం నెత్తురు తాగే దొరలు అనే మాట ఇక్కడ ఉన్నదున్నట్టుగా నిజం. వినడానికి మొరటుగా ఉన్నా తెర మీద బాగా పనిచేసింది. కథ మొదలయ్యే మాష్కూల్ అనే ఊరు కల్పన కాదు. విప్లవాన్ని ఎదిరించినవాళ్లు 1793లో అక్కడే నరమేధం జరిపారు. ఈ సంగతి తెలిశాక ఆ ఊరి సీన్లు చూస్తుంటే లోపల ఏదో తెలియని టెన్షన్.

ఇక సిరీస్‌లో నాకు అన్నిటికంటే నచ్చినది ఆనెట్, ఎడ్వార్డ్‌ల కథ. ఇద్దరూ సాన్ డొమాంగ్ నుంచి వస్తారు, అంటే ఇప్పటి హైతీ. చెరకు తోటల్లో బానిసలు 1791లో తిరగబడ్డ గడ్డ అది. ఆనెట్ అక్కడ బానిసగా ఉండి పారిపోయిన అమ్మాయి, లోహాన్నీ మట్టినీ కదిలించే శక్తి పూర్వీకుల దేవుడు ఓగున్ నుంచి వచ్చింది. ఎడ్వార్డ్ ఒపేరా గాయకుడు. అతణ్ణి చంపి, చర్చి పెద్ద కట్టించిన యంత్రంలో వేసి రాక్షసుడిగా మారుస్తారు. ఒళ్లు మారింది, గొంతు మారలేదు. ఆ చీకట్లో అతను పాట ఎత్తుకుంటే, నిన్నటిదాకా పీక్కుతినడమే తెలిసిన తోటి రాక్షసులు దగ్గరికొచ్చి వింటారు. మొదటిసారి చూసినప్పుడు తర్వాతి ఫైట్ ఎప్పుడొస్తుందా అని నేనా సీన్‌ని సరిగ్గా పట్టించుకోలేదు. ఇప్పుడు సిరీస్ తెరిస్తే ముందు వెతుక్కునేది అదే.

ఎర్జబెట్ బాథరీ దగ్గరకొచ్చేసరికి ఇదంతా నీరుగారిపోతుంది. చరిత్రలో ఆ పేరుతో హంగేరీ దొరసాని ఒకావిడ నిజంగా ఉండేది, 1614లో పోయింది. ఆవిడ చుట్టూ పుట్టిన రక్తం కథలు యూరప్ అంతా పాకాయి. ఇందులో ఆవిడ ఈజిప్టు దేవత సెఖ్మెట్ శక్తిని తాగేసి సూర్యుణ్ణే మింగేయాలని చూస్తుంది. సరే, ఎందుకు? లోకాన్ని ఏలాలని. అంతకు మించి లోపల ఏమీ లేదు. గ్రహణం, సింహం రూపం, పెద్ద పెద్ద డైలాగులు, బీజీఎమ్ హోరు, అన్నీ ఉన్నాయి. బిల్డప్ తీసేస్తే మిగిలేది కిరీటం ఒక్కటే. ఆవిడ వెనకుండే ద్రోల్టానే నయం, కనీసం భక్తి ఉంది, ఎన్నో ఏళ్లుగా మోస్తున్న కోరిక ఉంది. రెండో సీజన్ ఆ సంగతి గ్రహించినట్టే ఉంది, ద్రోల్టాకి చోటు పెంచింది. అప్పటికే ఆలస్యమైంది.

విలన్ కావలసినంత సరుకున్నవాడు ఓల్రాక్స్. మెక్సికో ప్రాంతపు అజ్టెక్ వాంపైర్, రెక్కల పాముగా మారతాడు. 1783లో బోస్టన్‌లో చిన్నపిల్లాడైన హీరో రిక్టర్ కళ్ల ముందే వాడి తల్లిని చంపుతాడు. ఆమె అంతకుముందు ఓల్రాక్స్ ప్రేమించినవాణ్ణి చంపిందన్నది అతని లెక్క. హీరోకీ అతనికీ ఒకటే గాయం. పెద్దవాడైన రిక్టర్ మళ్లీ ఓల్రాక్స్ ఎదురుపడగానే స్నేహితుల్ని వదిలేసి ఊపిరాడక పరుగెత్తుతాడు చూడండి, ఆ భయం గీసిన తీరు నాకు భలే నచ్చింది. కండలు తిరిగిన హీరో, చేతిలో కొరడా, అయినా లోపల ఆ చిన్నపిల్లాడే. ఈ ఇద్దరి పగనే మధ్యలో పెట్టి సిరీస్ నడిపించి ఉంటే దేవతలూ గ్రహణాలూ అవసరమే ఉండేవి కావని నా గట్టి నమ్మకం.

ఫైట్ల గురించి ఎంత చెప్పినా తక్కువే. పాతదాన్ని గీసిన టెక్సస్ స్టూడియో పవర్‌హౌస్ వాళ్లే దీన్నీ చేశారు, చెయ్యి బాగా తిరిగింది. పోయిన మంత్రశక్తి రిక్టర్‌కి తిరిగొచ్చే ఎపిసోడ్‌లో గేమ్ నాటి ట్యూన్ అందుకుంటుంది. మన మాస్ సినిమా ఎలివేషన్లకి అలవాటుపడ్డ ప్రాణం కూడా విజిల్ వేయాల్సిందే. గేమ్ ఆడనివాళ్లకి కూడా ఆ ఊపు తగులుతుంది.

మాటల రాతలో తేడా మాత్రం ఎంత దాచినా దాగదు. పాతదాన్ని వారెన్ ఎలిస్ రాశాడు, దీన్ని క్లైవ్ బ్రాడ్లీ నడిపించాడు. పాతదాంట్లో వాంపైర్లని వేటాడే బెల్మాంట్ వంశపు గ్రంథాలయంలో మంత్రవిద్య తెలిసిన సైఫా పుస్తకాల మధ్య మురిసిపోతుంటే, ఆ వంశపు ట్రెవర్, ఆల్యుకార్డ్ ఎదిగీ ఎదగని కుర్రాళ్లలా ఒకర్నొకరు దెప్పుకుంటూ ఎపిసోడ్లు గడిపేస్తారు. కథ అంగుళం కదలదు, ముగ్గురూ మన మనుషులైపోతారు. నాక్టర్న్‌లో అలా ఊరికే కూర్చునే తీరిక ఎవరికీ లేదు. ఒకరు తమ బాధ చెప్తారు, రెండోవాళ్లు ఓదారుస్తారు, అంతలో కిటికీ పగలగొట్టుకుని ఏదో ఒకటి లోపలికి దూకుతుంది. బూతులు కూడా అంతే. ట్రెవర్ నోట అవి అతని స్వభావంలా ఉండేవి, ఇక్కడ అందరి నోటా ఒకేలా ఉన్నాయి.

రెండో సీజన్‌లో ఆల్యుకార్డ్ వచ్చాక కాస్త నెమ్మదిస్తుంది. పాత గొంతే, జేమ్స్ కాలిస్. ట్రెవర్, సైఫాల వంశంలో పుట్టిన రిక్టర్‌తో మాట్లాడేటప్పుడు ఆ గొంతులో కొంచెం అలసట, కొంచెం ఆపేక్ష. పారిస్ బాగా గీశారు. అయితే ఆ సీజన్‌లో నన్ను పట్టి కూర్చోబెట్టింది రిక్టర్‌తో కలిసి పోరాడే మరియా. కన్నతండ్రే, అంటే ఆ చర్చి పెద్దే, ద్రోహం చేశాడు, కూతురి బదులు తను బలిగా ముందుకెళ్లిన తల్లి టెరా వాంపైర్ అయిపోయింది. మరియా కోపం ముదిరేకొద్దీ ఆమె పిలిస్తే వచ్చే జంతువులు కూడా చూడ్డానికి భయంగా తయారవుతాయి. తల్లి పక్కనే ఉంటుంది, కానీ పగలు బయటికి రాలేదు. ఆ తల్లీకూతుళ్లున్న ప్రతి సీనూ పాత సిరీస్‌కి తీసిపోదు.

పాతది చూడకుండా నేరుగా దీన్ని మొదలుపెట్టినా అర్థమవుతుంది, ఆల్యుకార్డ్ రాక మాత్రం మీకేమీ అనిపించదు. పాతదాంట్లో మొదటి రెండు సీజన్లు, అంటే పన్నెండు ఎపిసోడ్లు చూసి ఇటు వస్తే చాలు. బొమ్మల సిరీస్ కదా అని పిల్లల ముందు పెట్టకండి, తలలు తెగడాలూ పేగులు బయటపడటాలూ మామూలే, పడకగది సీన్లూ ఉన్నాయి. మళ్లీ చూసేటప్పుడు నేను బాథరీ ప్రసంగాలు మొదలవగానే ముందుకి జరిపేస్తున్నాను. కథలో తెగేదేమీ లేదు.