గుంటుపల్లి కొండమీద అమ్మకు కనిపించిన చుట్టిల్లు

పాలకొల్లు నుంచి చినవెంకన్న దర్శనానికి ద్వారకా తిరుమల వెళ్ళడం మాకు మామూలే. ఈసారి దర్శనం సాయంత్రానికి పెట్టుకుని, పొద్దుటి పూటంతా గుంటుపల్లి బౌద్ధ గుహలకే ఉంచుకున్నాం.

ముందు బస సంగతి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, కింది గదే కావాలని ఫోన్‌లో రెండుసార్లు చెప్పాను. రాత్రి చేరేసరికి లాడ్జివాళ్ళు రెండో అంతస్తులో ఇచ్చారు, లిఫ్ట్ లేదు. గది శుభ్రంగానే ఉంది, వేడినీళ్ళూ వచ్చాయి. అయినా తెల్లారితే కొండెక్కాల్సిన మనిషి ఆయాసపడుతూ ఆ మెట్లెక్కుతుంటే చాలా బాధేసింది. పెద్దవాళ్ళుంటే గది చూశాకే డబ్బు కట్టండి.

కామవరపుకోట దారిలో ఎర్రమట్టి, పామాయిల్ తోటలు. కాలవగట్ల మీద పెరిగిన మా పిల్లలకి అవే వింత. జీలకర్రగూడెంలో కారు ఆపి మెట్లెక్కాం. అమ్మ నాలుగుచోట్ల కూర్చుంది.

భిక్షువులుండే గదులు, వరసగా మొక్కుబడి స్తూపాలు, ఇటుక చైత్యం (అంటే బౌద్ధుల ప్రార్థనా మందిరం) అన్నీ చూడదగ్గవే. మా కాళ్ళు ఆగిపోయింది మాత్రం కొండను తొలిచిన గుండ్రటి చైత్యగృహంలో. క్రీస్తుపూర్వపు నాటిది. నడుమ స్తూపం, చుట్టూ ఇరుకు దారి. అమ్మ తలెత్తి చూసి, "ఇది మన చుట్టిల్లేరా, వాసాలు చూడు!" అంది. నిజమే, మా వైపు గుండ్రంగా కట్టే తాటాకు ఇల్లులాగే ఉంది. నడినెత్తి నుంచి చుట్టూ దిగే వాసాలు, వాటికి అడ్డబద్దలు, అన్నీ రాతిలోనే చెక్కారు. కర్రతో కట్టే ఇంటిని చూసి చెక్కినట్టే ఉంది.

కోనసీమలో మా తాతగారి తాటాకు చుట్టిల్లు 1996 తుఫానుకి పోయింది, ఫొటో కూడా లేదు. అమ్మ పిల్లల్ని ఆ గుహలోనే నిలబెట్టి పొయ్యి ఎటుండేదో, గాదె ఎటుండేదో చేత్తో చూపించింది. ఊరివాళ్ళు ఆ స్తూపాన్ని శివలింగంగా కొలుస్తారు. అమ్మ కూడా దణ్ణం పెట్టుకుని గోడ పట్టుకుంటూ ప్రదక్షిణ చేసింది.

మా వైపు ఆదుర్రులోనూ బౌద్ధ స్తూపం ఉంది. అక్కడ మిగిలింది ఇటుక కట్టడమే, అరగంటలో చూసేయొచ్చు. గుంటుపల్లిని అలా దర్శనానికీ భోజనానికీ మధ్య ఇరికించకండి. నీళ్ళు, పులిహోర వెంట తీసుకెళ్ళండి, ఎండెక్కకముందే మెట్లెక్కండి. మేం మూడు గంటలున్నాం. దిగుదామంటే అమ్మ ఇంకో పావుగంట అడిగింది.