ఒకే నగరం, రెండు చూపులు: హాపర్, మోండ్రియాన్

ఆధునిక చిత్రకళ నగరాన్ని ఎన్ని రకాలుగా చూడగలదో తెలియాలంటే, న్యూయార్క్‌లో దాదాపు ఒకే సమయంలో గీసిన రెండు తైలవర్ణ చిత్రాలను పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి అమెరికన్ చిత్రకారుడు ఎడ్వర్డ్ హాపర్ ‘నైట్‌హాక్స్’ (1942), రెండోది డచ్ చిత్రకారుడు పీట్ మోండ్రియాన్ ‘బ్రాడ్‌వే బూగీ వూగీ’ (1942–43).

హాపర్ చిత్రంలో నిర్మానుష్యమైన రాత్రి వీధి, మూలమీద వెలుగుతున్న ఫలహారశాల. లోపల ముగ్గురు గిరాకీలు, ఒక పనివాడు. దగ్గరదగ్గరగా కూర్చున్న జంట కూడా ఎవరి ఆలోచనల్లో వారున్నట్టే ఉంటారు. పెద్ద గాజు అద్దంలోంచి అంతా కనిపిస్తుంది, కానీ వీధిలోంచి లోపలికి వెళ్లే తలుపు మాత్రం ఎక్కడా కనపడదు. ఆ లేని తలుపే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది. చూసేవాళ్లనూ చీకట్లోనే నిలబెట్టేస్తాడు హాపర్.

మోండ్రియాన్ చిత్రంలో మనుషులే లేరు. యుద్ధం ముంచుకొచ్చిన ఐరోపాను వదిలి 1940లో న్యూయార్క్ చేరిన ఆయనకు అక్కడి బూగీ వూగీ (వేగంగా సాగే పియానో బాణీ) సంగీతమంటే ప్రాణం. అంతవరకూ ఆయన చిత్రాలకు గుర్తుగా నిలిచిన నల్లగీతలు ఇక్కడ మాయమయ్యాయి. వాటి స్థానంలో వీధుల్లా అడ్డంగా, నిలువుగా సాగే పసుపు పట్టీలు, వాటి పొడవునా ఎరుపు, నీలం, బూడిదరంగు చిన్న చదరాలు. చూపు ఒకచోట ఆగదు, కూడలి నుంచి కూడలికి గెంతుతుంది.

నైపుణ్యంలో ఎవరూ తక్కువ కాదు. అయినా నా ఓటు మోండ్రియాన్‌కే. నగరంలోని ఒంటరితనాన్ని చాలామంది చిత్రించారు. ఏడు పదుల వయసులో, పరాయి నగరంలో ఇంతటి ఉత్సాహాన్ని రంగుల్లోకి తెచ్చినవాళ్లు అరుదు.