హుస్సేన్ సాగర్ నుంచి లక్నవరమా, నాగార్జున సాగరా? 200 దాటే సైకిల్ రైడ్‌కి ఏది మేలు

"వంద కిలోమీటర్లు మూడు నాలుగు సార్లు తొక్కేశాం, ఇక 200 దాటాలి, ట్యాంక్‌బండ్ దగ్గర మొదలుపెట్టి ఇంకో పెద్ద నీళ్ల దగ్గర ఆగాలని ఉంది, ఎటు వెళ్లమంటారు?" జూన్ నుంచి ఈ ప్రశ్న కనీసం పది మంది అడిగారు. అందరి మనసులోనూ ఉన్నవి రెండే పేర్లు. ఒకటి ములుగు అడవుల్లోని లక్నవరం, రెండోది నాగార్జున సాగర్. నేను రెండూ తొక్కాను, లక్నవరం అయితే రెండు వేర్వేరు కాలాల్లో తొక్కాను, అందుకే ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పడం మాని ఇక్కడ రాస్తున్నా.

ముందు లెక్కలు. లక్నవరం ఒకవైపు దాదాపు 215 కిలోమీటర్లు. ఉప్పల్, భువనగిరి, జనగామ, హనుమకొండ, ములుగు మీదుగా దాదాపు దారంతా ఒకే జాతీయ రహదారి, చివర్లో చల్వాయి దగ్గర లోపలికి తిరగాలి. నాగార్జున సాగర్ ఒకవైపు దాదాపు 150, ఇబ్రహీంపట్నం, మాల్, చింతపల్లి, కొండమల్లేపల్లి, పెద్దవూర మీదుగా. 200 దాటాలంటే సాగర్‌కి వెళ్లి తిరిగి రావాల్సిందే, అప్పుడది 300 అవుతుంది. బ్రెవె, అంటే గడువు లోపల పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్, ఆ లెక్కలో 200కి పదమూడున్నర గంటలు, 300కి ఇరవై గంటలు ఇస్తారు కాబట్టి ఈ రెండూ ఒక మెట్టు రైడ్‌లు కావని ముందే గుర్తుపెట్టుకోండి.

చాలామంది ఎలివేషన్ చూసి నిర్ణయిస్తారు. అదీ చూడాల్సిందే. హుస్సేన్ సాగర్ నిండు మట్టం సముద్రానికి 513 మీటర్ల ఎత్తు, నాగార్జున సాగర్ నిండు మట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. పోయేటప్పుడు మొత్తం మీద 330 మీటర్లు దిగుతాం, ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను, కానీ ఆ దిగినదంతా మధ్యాహ్నం ఎండలో, 150 తొక్కిన కాళ్లతో తిరిగి ఎక్కాలి. నిలువు ఘాట్ ఎక్కడా పెద్దగా ఉండదు, ఎక్కుతూ దిగుతూ మళ్లీ ఎక్కుతూ పోయే రోడ్డు, ఎక్కుతున్నామని కంటికి తెలియదు కానీ తొడలకు తెలుస్తుంది. లక్నవరం వైపు కూడా దిగుడే, వరంగల్‌కి వచ్చేసరికే 200 మీటర్లకు పైగా కిందికి వచ్చేసి ఉంటాం, ఒకవైపే కాబట్టి తిరిగి ఎక్కే గొడవ ఆ రోజుకి లేదు.

అయినా నా లెక్కలో అసలు తేల్చేది ఎత్తు కాదు, గాలి. ఇది ఎంత చెప్పినా జనం వినరు, అందుకే కాస్త పొడుగ్గా చెబుతా.

మొదటిసారి లక్నవరం డిసెంబర్‌లో వెళ్లాను. చల్లగా ఉంటుంది, ఎండ ఉండదు అని అందరూ చెప్పే కాలం. పొద్దున నాలుగుకి ట్యాంక్‌బండ్ మీద బయల్దేరితే భువనగిరి దాకా బాగానే ఉంది, కోట ఉన్న ఆ ఒంటిరాతి గుట్ట మీద వెలుతురు పడేసరికి ఇడ్లీ తింటున్నాను. జనగామ దాటాక ఎంత తొక్కినా మీటర్ మీద 17 దాటడం లేదు. బ్రేక్ ఏమైనా రాసుకుంటోందా అని దిగి చక్రం తిప్పి చూశాను, శుభ్రంగా తిరుగుతోంది. తల ఎత్తితే రోడ్డు పక్క గద్దె మీద జెండా, గుడ్డ మొత్తం నా వైపే చాపుకుని టపటపా కొట్టుకుంటోంది. అప్పుడు అర్థమైంది. లక్నవరం మనకు సరిగ్గా తూర్పు ఈశాన్యంలో ఉంది, చలికాలంలో గాలి ఎక్కువగా వచ్చేదీ ఆ దిక్కు నుంచే. హనుమకొండ చేరేసరికి మధ్యాహ్నం ఒకటిన్నర, ఇంకా 70 కిలోమీటర్లు ఉంది, చివరి గంట చీకట్లో అడవి దారిలో తొక్కాను.

రెండోసారి జూలై ఆఖరులో వెళ్లాను. అదే సైకిల్, అదే టైమ్, దాదాపు అవే కాళ్లు. నైరుతి గాలి మన దగ్గర పడమర నుంచి, పడమటి నైరుతి నుంచి వీస్తుంది, అంటే ఈ దారికి సరిగ్గా వీపు మీద. పదకొండుకి హనుమకొండలో ఉన్నాను. ఆషాఢం గాలి గురించి మన పెద్దవాళ్లు ఊరికే చెప్పలేదు, అది ఎంత బలంగా ఉంటుందో దాని ముందు సైకిల్ పెట్టి చూసినవాళ్లకే తెలుస్తుంది.

చిన్న లెక్క చూడండి. మీరు గంటకు 25 వేగంతో పోతున్నారు, గాలి వేగం 10 అనుకుందాం. ఎదురుగాలి అయితే మీ ఒంటికి తగిలేది 35, వెనక గాలి అయితే 15. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది కాబట్టి ఈ రెండింటికీ మధ్య తేడా అయిదు రెట్లకు పైనే. అదే రోడ్డు, అదే దూరం. ఏ ఖరీదైన చక్రం కొన్నా ఇంత తేడా రాదు.

సాగర్ సంగతి వేరు. అది ఆగ్నేయంలో ఉంది, అందువల్ల వానాకాలమైనా చలికాలమైనా గాలి ఎక్కువ భాగం పక్క నుంచే కొడుతుంది. పక్క గాలే కదా అని తేలిగ్గా తీసుకోకండి. వానాకాలంలో సాగర్ వైపు పోతుంటే గాలి కుడి నుంచి వస్తుంది, మనకు తెలియకుండానే కాస్త కుడికి వాలి తొక్కుతుంటాం. అప్పుడు కుడి పక్క నుంచి లారీ ఓవర్‌టేక్ చేస్తుంది. లారీ పక్కన ఉన్న ఆ క్షణం గాలి ఆగిపోతుంది, వాలి ఉన్న సైకిల్ లారీ వైపే జరుగుతుంది. లారీ దాటగానే గాలి మళ్లీ ఒక్కసారిగా ఎడమకు తోస్తుంది. ఊళ్లు పలచబడ్డాక రెండు లైన్ల రోడ్డు, అంచు సన్నం. చింతపల్లి దగ్గర నాకు ఇలా జరిగినప్పుడు చేతులు వణికాయి, పది నిమిషాలు చెట్టు కింద ఆగితే గానీ మళ్లీ ఎక్కలేకపోయాను. వరంగల్ రోడ్డు నాలుగు లైన్లు, అంచు వెడల్పు, అక్కడ ఈ టెన్షన్ చాలా తక్కువ.

వరంగల్ రోడ్డు అంచుకీ ఒక జబ్బు ఉంది. పేలిన లారీ టైర్ల నుంచి ఊడిన సన్నటి ఇనుప తీగలు అక్కడే పడి ఉంటాయి, వెంట్రుక మందం, కంటికి ఆనవు. పంక్చర్ అయ్యాక ట్యూబ్ మార్చేసి సంతోషపడకండి, టైర్ లోపల వేలితో నిదానంగా తడమండి, తీగ అక్కడే ఉంటే కొత్త ట్యూబ్ కూడా అయిదు కిలోమీటర్లలో పోతుంది. నేను చిన్న పట్టకారు పెట్టుకుంటాను. 28 మిల్లీమీటర్ల కంటే సన్నటి టైర్లు వద్దు, రెండు ట్యూబులు తప్పనిసరి.

సాగర్‌కి ఉన్న మంచి కూడా చెప్పాలి. తిండికి, నీళ్లకు ఇబ్బంది లేదు, కొండమల్లేపల్లి తర్వాత బత్తాయి తోటలు, సీజన్‌లో రోడ్డు మీదే రసం తీసిస్తారు, 120 తొక్కాక అది అమృతమే. పెద్దవూర దాటి నీళ్లు కనిపించే క్షణం, 124 మీటర్ల ఎత్తున కట్టిన డ్యామ్, 26 గేట్లు, ఆగస్టులో గేట్లు ఎత్తి ఉంటే ఆ తుంపర చూడటానికే వెళ్లొచ్చు. 300 బ్రెవెకి తయారవుతున్నవాళ్లకు ఇంతకంటే నిజాయితీగా పరీక్ష పెట్టే రోడ్డు మన చుట్టుపక్కల లేదు.

పోచారం గురించి ఇద్దరు అడిగారు, నర్సాపూర్ అడవి మీదుగా మంచి దారి, కానీ వంద కాస్త దాటుతుంది, అంతే. కోటిపల్లి ఇంకా దగ్గర, ప్రాక్టీస్‌కి పనికొస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పు వేసిన 23 కిలోమీటర్ల ట్రాక్ మీద మాత్రమే తొక్కి 200కి వెళ్దామనుకునేవాళ్లు కనీసం నాలుగు ఆదివారాలు నిజమైన ఎండలో, నిజమైన ట్రాఫిక్‌లో తిరగండి, నీడలో తొక్కిన ఒళ్లు జనగామ ఎండకు తట్టుకోదు.

నా ఓటు లక్నవరానికే, అదీ జూలై ఆఖరు నుంచి ఆగస్టు చివరి లోపల. గాలి వెనక ఉంటుంది, చెరువు నిండుతుంది, ములుగు దాటాక రెండు పక్కలా పచ్చదనం ముసురుకుంటుంది. కాకతీయులు కట్టిన చెరువు ఒడ్డుకి సొంత కాళ్లతో చేరి వేలాడే వంతెన మీద నిలబడితే కలిగే సంతోషం వేరు. డిసెంబర్, జనవరి మాత్రమే కుదిరేవాళ్లు సాగర్‌కే వెళ్లండి, లక్నవరం వద్దు. అందులోనూ మేడారం జాతర ఉన్న ఏడాది మాఘంలో ఆ దారి పట్టకండి, బస్సులూ కార్లూ తప్ప రోడ్డు కనిపించదు. వరి కోతల రోజుల్లో రోడ్డు అంచున వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు, పొద్దు గూకాక ఆ రాళ్లు కనిపించవు.

వానాకాలంలో ఒక్క జాగ్రత్త. 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, వాగులు ఊళ్లను ముంచేశాయి. రెండు రోజుల ముందు నుంచి వాతావరణ హెచ్చరిక చూడండి, రెడ్ కానీ ఆరెంజ్ కానీ ఉంటే రైడ్ వాయిదా వేయండి, మాట్లాడేది లేదు. గాలి దిక్కు చూపించే విండీ యాప్‌లో జనగామ మీద బాణం ఎటు చూపిస్తోందో ముందు రోజు రాత్రి చూడండి.

నీళ్లు ములుగులో నింపుకోండి, తర్వాత షాపులు పలచబడతాయి. దారిలో రామప్ప కూడా చూసేద్దామని ఆ రోజు ఆశపడొద్దు, మర్నాడు పొద్దున చూడొచ్చు. ఆ రాత్రికి చెరువు దగ్గర కాటేజీ ముందే బుక్ చేసుకోండి. తిరుగు ప్రయాణానికి వరంగల్ దాకా 70 కిలోమీటర్లు ఎదురుగాలిలో తొక్కక తప్పదు, పొద్దున అయిదుకే బయల్దేరితే గాలి లేచేలోపు సగం దాటేస్తారు. అక్కడి నుంచి రైల్లో సైకిల్‌ని లగేజీగా బుక్ చేయొచ్చు, గంటన్నర ముందే స్టేషన్‌లో ఉండండి, సైకిల్‌కి మీ పేరూ ఫోన్ నంబరూ రాసిన అట్టముక్క గట్టిగా కట్టండి.